గొర్రె బతికిన చోటు

నిన్న మధ్యాహ్నం మా పనిగదిలో ఒక గోనెసంచి మూతి విప్పాను. రాయలసీమ వైపు తవ్వకాలు చేస్తున్నవాళ్ళు పంపిన మట్టి అది. దారిలో ఎక్కడో వాన తగిలినట్టుంది, అడుగంతా చెమ్మగా ఉంది. ముడి విప్పీ విప్పగానే తడి జనపనార, పాత బూడిద, ఎప్పటిదో పేడ కలగలిసిన వాసన గుప్పుమంది. మా అటెండరు ముక్కు మూసుకుని కిటికీ తెరవడానికి పరుగెత్తాడు. నేను మాత్రం సంచి ముందు అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, విజయవాడ గుణదలలో ఒక పాత డాబా ఇల్లు, పెరట్లో నీళ్ళతొట్టి, ఆ తొట్టి పక్కన చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని జల్లెడ పట్టుకుని నిలబడ్డ శేషారత్నం గారు కళ్ళ ముందుకొస్తారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. పేపర్లో ఫొటో పడేంత పెద్ద పేరేమీ కాదు. ఆవిడను ఎరగనివాళ్ళకు చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. నిన్న ఆ సంచి విప్పాక ఇక వాయిదా వెయ్యాలనిపించలేదు.

శేషారత్నం గారిది చల్లపల్లి దగ్గర ఒక వ్యవసాయ కుటుంబం. పశువైద్యం చదివి, ఆ చదువు చెప్పే కాలేజీలోనే ముప్పై ఏళ్ళు పిల్లలకు ఎముకల పాఠం చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు “తీరిక దొరకలా” అనేవారు. రిటైరయ్యాక అందరూ విశ్రాంతి తీసుకుంటారనుకుంటే ఆవిడ అసలు పని అప్పుడు మొదలుపెట్టారు. పురాతన స్థలాలు తవ్వేవాళ్ళకు కుండపెంకులతో పాటు సంచుల కొద్దీ జంతువుల ఎముకలు దొరుకుతాయి. అవి ఏ జంతువువో చెప్పగలిగినవాళ్ళు మన దగ్గర తక్కువ. ఆ సంచులన్నీ ఆవిడ ఇంటికి వచ్చేవి. వేల ఏళ్ళ కిందట మన వైపు మనుషులు గొర్రెలు కాయడం ఎప్పుడు మొదలుపెట్టారన్నది ఆవిడ ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆవిడ ముందుగది, మధ్యగది, చివరికి వంటింటి అటక కూడా ఎముకల పెట్టెలతో నిండిపోయాయి.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళేనాటికి నాకు ఇరవైనాలుగేళ్ళు. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, రెండేళ్ళు పోటీ పరీక్షలు రాసి, రెండేళ్ళూ తప్పి, ఇంట్లో తలెత్తుకోలేక తిరుగుతున్న రోజులు. ఎముకలు కడిగి, నంబర్లు వేసి, రాసి పెట్టడానికి మనిషి కావాలని ఎవరో చెబితే వెళ్ళాను. దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని రాశాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, “ఎస్తేరు. మంచి పేరు. ఎముకలంటే అసహ్యమేమన్నా ఉందా అమ్మా?” అని అడిగారు. లేదన్నాను. బల్ల మీద నుంచి ఒక చిన్న కాలి ఎముక తీసి నా చేతిలో పెట్టారు. పట్టుకోగానే నా నోరు నాకు తెలియకుండానే కదిలింది.

“ఇది లేతదండి.”

“ఎట్టా చెప్పావు?”

“చివర గుబ్బ ఊడిపోయిందండి. ముదురుదైతే అది ఎముకకి అతుక్కుపోయి ఉంటుంది. లేతదైతే పులుసులో ఉడికేటప్పుడే విడిపోద్ది.”

ఆవిడ కుర్చీలో ముందుకు జరిగారు. “ఇది ఏ పుస్తకంలో చదివావు?”

ఇక దాచలేకపోయాను. “చదవలేదండి. మా నాన్నకి హనుమాన్ జంక్షన్‌లో హోటలుంది. లారీలవాళ్ళు తినే హోటలు. మటన్ వచ్చినప్పుడు లేతదో ముదురుదో నాన్న అట్టాగే చూస్తాడు. చిన్నప్పుడు నాకూ చూపించాడు.”

ఆవిడ నా దరఖాస్తు మళ్ళీ తీసి చూశారు. “ఈ సబ్జెక్టులో ఇంట్లోనే ఒక మాస్టారున్నాడన్నమాట నీకు. వ్యాపారం అని రాసి ఆయన్నెందుకు దాచేశావు?” అన్నారు. కోపంగా అనలేదు. కానీ ఆ మాటకు నా మొహం వేడెక్కింది. కాలేజీలో ఐదేళ్ళూ నా బట్టలకు మసాలా వాసన వస్తోందేమోనని భయపడుతూ బతికినదాన్ని. ఆ వాసన ఒకచోట నాకు ఉద్యోగం ఇప్పిస్తుందని కల్లో కూడా అనుకోలేదు.

చేరిన నెలకు ఆవిడే స్వయంగా మా హోటలుకి వచ్చారు. బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చి, బల్ల ముందు కూర్చుని, “ఎస్తేరు వాళ్ళ నాన్నగారు మీరేనాండీ? మిమ్మల్ని కొన్ని డౌట్లు అడగాలి” అన్నారు. మా నాన్న జీవితంలో డౌట్లు అడగడానికి ఎవరూ రాలేదు. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టి నిలబడ్డాడు. ఆవిడ చేతిసంచిలోంచి దవడ ఎముకలు తీసి బల్ల మీద పరిచారు. భోజనం చేస్తున్న డ్రైవర్లు తినడం ఆపి చూస్తున్నారు.

“మీ దగ్గరికొచ్చే మాంసంలో పొట్టేళ్ళెక్కువా, ఆడగొర్రెలెక్కువా?”

“పొట్టేళ్ళేనండీ. అవి కూడా ఏడాది, ఏడాదిన్నర లోపువే. ఆడగొర్రె వస్తే అది ముసలిదై ఉంటది, లేకపోతే గొడ్డుబోయిందై ఉంటది.”

“ఎందుకంటారు?”

మా నాన్న ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. “ఆడదాన్ని కోసుకు తింటే వచ్చే ఏడు మంద ఎక్కడిదండీ?”

ఆవిడ బల్ల మీద చిన్నగా చరిచారు. తిరుగు ప్రయాణంలో బస్సులో నాకు విడమరిచి చెప్పారు. వేటగాడు ఎదురుపడినదాన్ని కొడతాడు. అతను వదిలిన ఎముకల్లో పిల్లా పెద్దా, ఆడా మగా అన్నీ కలిసి ఉంటాయి. కాపరి అలా కాదు, లేత పొట్టేళ్ళను తిని ఆడవాటిని ముసలితనం దాకా ఉంచుకుంటాడు. అందుకే పాత ఊరి చెత్తకుప్పలో లేత మగవాటి ఎముకలు, ముసలి ఆడవాటి ఎముకలు ఎక్కువగా కనిపిస్తే అక్కడ మంద ఉందని అర్థం. “ఎముకలో ఏముంటుంది అంటారు అందరూ. వచ్చే ఏడాది గురించి ఆలోచించిన మనిషి ఉంటాడు ఎస్తేరూ” అన్నారు. గన్నవరం దాటుతుండగా అన్నారా మాట. కిటికీలోంచి విమానం ఒకటి బాగా కిందుగా దిగడం కూడా గుర్తుంది.

రోజులు అలా గడిచాయి. చచ్చిన గొర్రెల్నీ మేకల్నీ తెప్పించి పెరట్లో పాతిపెట్టి, మాంసం కరిగిపోయాక ఎముకలు తీసి శుభ్రం చేసేవాళ్ళం. పాతవాటితో పోల్చి చూడటానికి అవి కావాలి. ఒకసారి గొయ్యి లోతు చాలక వీధంతా వాసన కొట్టి, పక్కింటివాళ్ళు కార్పొరేషనుకి ఫిర్యాదు చేశారు. వచ్చిన ఉద్యోగికి ఆవిడ కాఫీ ఇచ్చి, గొర్రెకూ మేకకూ కాలి ఎముకల్లో తేడా అరగంటసేపు చూపించి, గొయ్యి లోతు చేయిస్తానని మాటిచ్చి పంపించారు. అన్నమాట ప్రకారం ఆ సాయంత్రమే చేయించారు కూడా.

మూడో ఏడు అటవీ శాఖ అనుమతితో ఒక కృష్ణజింక అస్థిపంజరం మాకు వచ్చింది. ఎక్కడో జబ్బు చేసి చనిపోయిన జింక. అంతకుముందు మా దగ్గర అది లేదు, అనుమతి లేకుండా ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. గొర్రె, మేక, కృష్ణజింక మూడింటి ఎముకలూ ఒకదాన్ని చూసి ఒకటి అనుకునేటట్టు ఉంటాయి. ఎముకలన్నీ శుభ్రం చేసి, ట్రేలో సర్ది, మా పాత పెట్టెల్లోవాటితో ఒక్కొక్కటీ పోల్చి చూడటం మొదలుపెట్టాను. అలా చూస్తూ చూస్తూ ఆవిడకు అన్నిటికంటే ముఖ్యమైన పెట్టె దగ్గరికి వచ్చాను.

రాయలసీమలో ఒక రాతికొండ పక్కన పాత నివాసంలో, అన్నిటికంటే అడుగుపొరలో దొరికిన ఆరు ఎముకలవి. అవి గొర్రెవని చాలా ఏళ్ళ కిందట ఆవిడే తేల్చారు. గొర్రె పుట్టుక మన నేల మీద కాదు. దాని అడవిజాతి ఇక్కడ లేదు. “గొర్రె తనంతట తాను రాలేదు, ఎవరో తోలుకొచ్చారు” అనేవారు ఆవిడ. అందుకే అంత పాత పొరలో గొర్రె ఉందంటే అంత ముందే మన వైపు కాపరులు ఉన్నారని అర్థం. ఈ రంగంలో ఆవిడ పేరు నిలబడింది ఆ ఆరు ఎముకల మీదే. చీలమండలో పాచికలా ఉండే చిన్న ఎముకను చేతిలోకి తీసుకుని, ఒక పక్క గొర్రెదీ, మరో పక్క జింకదీ పెట్టి చూశాను. తిప్పి చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. అది జింకదే. మిగతా ఐదూ చూశాను. అన్నీ జింకవే.

మూడు రోజులు చెప్పలేదు. తర్వాతి వారమే విజయవాడలో ఒక సభ ఉంది. చరిత్ర ఉపాధ్యాయులు, తవ్వకాలు చేసేవాళ్ళు కలిసి ఆవిడకు సన్మానం చేస్తున్నారు. సన్మానపత్రంలో ఆ ఆరు ఎముకల ప్రస్తావనే మొదటి వాక్యం. ఆవిడ కట్టుకోవడానికి కొత్త మంగళగిరి చీర కూడా తెచ్చుకున్నారు. నేను అన్నం సరిగా తినడం లేదని మా అమ్మ అడిగితే తలనొప్పన్నాను. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క వినలేదు. చెబితే ఆవిడ గుండె పగులుతుందేమో, నా ఉద్యోగం పోతుందేమో, అన్నిటికీ మించి నేనే పొరపాటు పడ్డానేమో. సోమవారం పొద్దున్న తలుపు తియ్యగానే ఆవిడ నా మొహం చూసి, “ఏమైందమ్మా? ఇంట్లో అందరూ బాగున్నారా?” అన్నారు. నేను పెట్టె తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

“ఇవి జింకవేమోనండీ మేడమ్” అన్నాను.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు. చాలాసేపు గిన్నెల చప్పుడు కూడా లేదు. తర్వాత రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి నాకొకటి ఇచ్చారు. ఆవిడది తాగకుండా పక్కన పెట్టి, “పై పొరల్లో దొరికిన పాత ఎముకలు ఓ యాభై తియ్యి. వాటిలో ఈ ఆరూ కలిపెయ్యి. అంకెల మీద టేపు అంటించు. ఏది ఏదో నాకు తెలియకూడదు” అన్నారు. అలాగే చేశాను. ఆవిడ మూడు ట్రేలు వరసగా పెట్టుకున్నారు. గొర్రెకొకటి, మేకకొకటి, జింకకొకటి. మధ్యాహ్నం దాకా ఒక్కొక్క ఎముకా చూసి, తడిమి, ఏదో ఒక ట్రేలో వేశారు. చివరికి జింక ట్రేలో ఉన్నవాటికి టేపులు నన్నే తియ్యమన్నారు. మా ఆరూ అందులోనే ఉన్నాయి.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. కళ్ళజోడునే తుడుచుకున్నారా, కళ్ళనా అన్నది నేను చూడలేదు, తల వంచుకున్నాను. “అప్పట్లో పక్కన పెట్టి చూడటానికి జింక లేదు. గొర్రె ఉంటే బాగుండునని మనసులో ఉంది. ఉన్నట్టే కనబడింది” అన్నారు. ఆ తర్వాత “ఎన్నాళ్ళ కిందట కనిపెట్టావు?” అని అడిగారు. మూడు రోజులన్నాను. “మూడు రోజులు ఒక్కదానివే మోశావా? ఇంకెప్పుడూ అట్టా చెయ్యమాక” అన్నారు. ఆవిడ నన్ను కోప్పడింది మొత్తం మీద అంతే.

సభకు ఆ కొత్త చీరే కట్టుకుని వచ్చారు. సన్మానపత్రం చదవకముందే మైకు అడిగి తీసుకుని, జరిగింది జరిగినట్టు చెప్పారు. తాను తేల్చింది తప్పనీ, ఆ తప్పు తన దగ్గర పనిచేసే అమ్మాయి పట్టుకుందనీ చెప్పి నా పేరు కూడా చెప్పారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనకనుంచి ఒకాయన లేచి, “ఇన్నాళ్ళూ మాకు జింకని చూపించి గొర్రె అన్నారన్నమాట!” అన్నాడు. చాలామంది నవ్వారు.

“అవునండీ. ఇవాళ్టి నుంచి అనను” అన్నారు ఆవిడ.

నవ్వులు ఆగిపోయాయి. శాలువా కప్పాలా వద్దా అని నిర్వాహకులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చివరికి ముందు వరుసలోంచి ఒక ముసలి మాస్టారు మెల్లగా వేదికెక్కి, శాలువా అందుకుని ఆయనే కప్పారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు కష్టంగానే గడిచింది. సంచులు పంపేవాళ్ళలో ఇద్దరు పంపడం మానేశారు. ఆవిడ ఒక వారంపాటు ఎముకల గదిలోకి రాలేదు, వరండాలో కూర్చుని పాత పుస్తకాలు తిరగేసేవారు. అప్పుడే ఒక పొద్దున్న చల్లపల్లి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోను చేశాడు. వరి కోతలయ్యాయనీ, పల్నాడు నుంచి గొర్రెల మంద వస్తే పొలంలో నాలుగు రోజులు కట్టిస్తున్నాననీ ఏదో మాటల్లో చెప్పాడు. గొర్రెల్ని పొలంలో నిలిపితే పేడా మూత్రం పడి నేలకు బలం. మా వైపు ఎప్పటినుంచో ఉన్నదే. ఆవిడ ఫోను పెట్టేసి, “ఎస్తేరూ, జల్లెళ్ళు తియ్యి. మంద పడుకుని లేచిన చోటు మట్టి చూడాలి” అన్నారు. ఆ గొంతులో పాత హుషారు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ ఆలోచన ఇది. గొర్రెకు కూడా మన పిల్లల్లాగే పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. కొత్త పన్ను కిందనుంచి నెట్టుకొచ్చేటప్పుడు పాతదాని వేరు కరిగిపోతుంది. చచ్చిన గొర్రె దవడలోంచి ఊడిన పంటికి వేళ్ళుంటాయి. బతికున్న గొర్రె రాల్చిన పంటికి ఉండవు. గొర్రెల్ని కట్టిన దొడ్డిలో అలాంటి పళ్ళు రాలి మట్టిలో కలిసిపోతాయి. ఇప్పటి మట్టిలో అవి దొరికితే, పాత మట్టిలోనూ వెతకవచ్చు. అడుగుపొరకు పైనున్న పొరలోంచి తెచ్చిన మట్టి, బూడిదతో నిండిన పద్నాలుగు గోనెసంచులు మా పెరటి షెడ్డులో ఎవరూ ముట్టకుండా పడి ఉన్నాయి. పెద్ద ఎముకలేమీ లేవని అవతలివాళ్ళు వదిలేసినవి.

చల్లపల్లి పొలంలో రెండు రోజులు కాలవ గట్టు మీద కూర్చుని, మంద నిలిచిన చోటు మట్టిని నీళ్ళలో కడిగి జల్లెడ పట్టాం. కాపరి పేరు కోటయ్య. మొదటిరోజు దూరంనుంచి చూసి నవ్వుకున్నాడు. రెండోరోజు దగ్గరికొచ్చి, “ఏం పారేసుకున్నారమ్మా, ముక్కుపుడకా?” అన్నాడు.

“నీ గొర్రెలు పారేసుకున్న పళ్ళు వెతుకుతున్నామయ్యా” అన్నారు ఆవిడ.

అతను గొర్రె నోరు తెరిచి, పాలపళ్ళు ఏవో, అవి ఊడి రెండు కొత్త పళ్ళు వేసిన గొర్రె ఏదో చూపించాడు. “ఊడిన పన్ను నేనెప్పుడూ చూళ్ళా. ఇన్నేళ్ళ నుంచీ కాస్తన్నా” అంటూ అతనూ జల్లెడ పక్కన కూర్చున్నాడు. మొదటి పన్ను అతని కంటికే పడింది. గోరంత ఉంది, కింద గుల్లగా, వేళ్ళు లేకుండా. సాయంత్రానికి మరో రెండు దొరికాయి. కోటయ్య ఆ పన్నును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. “మేము నాలుగు రోజులుండి పోతాం. మేమొచ్చినట్టు ఇది చెప్పుద్దన్నమాట” అన్నాడు. ఆవిడ అతని వైపు తిరిగి, “అంతేనయ్యా. నువ్వు నాకంటే బాగా చెప్పావు” అన్నారు.

విజయవాడ వచ్చి పద్నాలుగు సంచులూ కడగడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది. మొదటి ఐదు సంచుల్లో ఏమీ లేదు. ఆరోదాంట్లో, ఎండ నెత్తిన పడుతుండగా, జల్లెడ అడుగున నల్లగా కాలిన ముక్కలాంటిది ఒకటి కనిపించింది. తుడిచి చూస్తే పన్ను. కింద గుల్ల. వేళ్ళు లేవు. నేను అది ఆవిడ చేతిలో పెట్టాను. ఈసారి ఆవిడ సంతోషపడటానికి తొందరపడలేదు. గొర్రెది, మేకది, జింకది పక్కన పెట్టి చూశారు. వేరే ఊళ్ళో ఇదే పని చేసే ఇద్దరికి ఏదేమిటో చెప్పకుండా పంపి వాళ్ళ అభిప్రాయం తెప్పించారు. ఇద్దరూ గొర్రె పాలపన్నేనన్నారు. అన్ని సంచులూ పూర్తయ్యేసరికి అలాంటివి మరికొన్ని దొరికాయి. అందరూ ఒప్పుకున్నాక ఆ రోజు వరండాలో కూర్చుని ఆవిడ అన్న మాట ఇది.

“ఎముక దొరికితే గొర్రె ఇక్కడ చచ్చిందని తెలుస్తుంది. ఈ పన్ను ఇక్కడ బతికిందని చెబుతోంది. ఎవరో దీన్ని పొద్దున్నే తోలుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ తెచ్చి ఇక్కడే కట్టారు.”

మేము రాసిన వ్యాసంలో గొర్రెల రాక ఆవిడ ఒకప్పుడు చెప్పినంత పాతది కాలేదు. ఒక పొర పైకి జరిగింది. కానీ దాన్ని కాదన్నవాళ్ళు లేరు. సంచులు పంపడం మానేసిన ఇద్దరిలో ఒకరు మళ్ళీ పంపడం మొదలుపెట్టారు. వ్యాసం మీద నా పేరు ముందు, ఆవిడ పేరు తర్వాత పెట్టారు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. మా నాన్న ఆ కాగితం ఫ్రేము కట్టించి హోటల్లో గల్లాపెట్టె వెనక తగిలించాడు. అందులో ఒక్క ముక్క ఆయనకు అర్థం కాదు. వచ్చినవాళ్ళకు మాత్రం తానే రాసినంత ధీమాగా వివరిస్తాడు.

ఆవిడ చివరి రెండేళ్ళూ చల్లపల్లిలో తమ్ముడింట్లో ఉన్నారు. చూపు మందగించినా చేత్తో తడిమి ఏ ఎముకో చెప్పేవారు. చెప్పలేనప్పుడు చెప్పలేనని వెంటనే అనేవారు. నిద్రలోనే పోయారు. ఎముకల పెట్టెలన్నీ ఒక కాలేజీకి ఇచ్చేలా ముందే రాసిపెట్టారు. వాటితో పాటు నేనూ ఆ కాలేజీలో చేరాను. ఇప్పుడు పిల్లలకు ఈ పాఠం చెబుతున్నది నేనే.

పెట్టెలు సర్దుతున్నప్పుడు ఒక అగ్గిపెట్టెలో చిన్న ఎముక ముక్క కనిపించింది. చుట్టూ చుట్టిన కాగితం మీద ఆవిడ గుండ్రటి అక్షరాలున్నాయి. ‘గొర్రో మేకో తెలియలేదు. నాలుగుసార్లు చూశాను. తర్వాత చూసేవాళ్ళకు.’ నేను దాన్ని ఏడాదికోసారి తీసి చూస్తాను. ఇప్పటికి మూడుసార్లు చూశాను. ఆవిడ అక్షరాల కింద నా అక్షరాలతో ‘నాకూ తెలియలేదు’ అని రాసి సంతకం పెట్టాను. అలా రాయడానికి నాకు సిగ్గనిపించలేదు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నదాన్ని ఒక్క మాటలో చెప్పమంటే, ఆ సిగ్గు లేకపోవడమే అంటాను. మొన్న ఒక అమ్మాయి, ఈ ఏడే చేరింది, ఆ అగ్గిపెట్టె అడిగి తీసుకుంది. కాగితం చదివింది. ముక్కను వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయింది. ఏదో చెప్పబోయి ఆగింది. బయట మబ్బు పట్టి వెలుతురు చాలడం లేదనిపించి, లేచి వెళ్ళి లైటు వేశాను.